గాయపడిన మనసుకు బొమ్మలు ఎంతవరకు తోడవుతాయి?

వర్ణరేఖ:
హింసకు గురైనవారు, ఘోర ప్రమాదాల నుంచి బయటపడినవారు ఉన్న ఒక పెద్దల బృందం చేత బొమ్మలు వేయించే పని నాకు అప్పగించబోతున్నారు. నాకు చిత్రలేఖనం నేర్పడం వచ్చు గాని చికిత్స చేయడం రాదు. ఒక మానసిక నిపుణురాలు పక్కనే ఉంటారు. జరిగినదాన్ని గీయమని అడగడంతో మొదలుపెట్టవచ్చా? ఇలాంటి పని చేసినవారూ, ఇలాంటి బృందాల్లో కూర్చున్నవారూ దయచేసి తమ అనుభవం చెప్పండి.

మట్టిచేతులు:
వర్ణరేఖ గారూ, ఆర్ట్ థెరపిస్టుగా, అంటే బొమ్మలు వేయించడం ద్వారా మానసిక చికిత్స చేసే మనిషిగా, నా సలహా ఏమిటంటే, మొదట్లో అలా అడగకండి. వీరికి ఆ సంఘటన గతంలా గుర్తుకు రాదు, ఇప్పుడే మళ్లీ జరుగుతున్నట్టు ఉంటుంది. ఎవరైనా ఊపిరి బిగపట్టినా, చూపు ఒకచోటే నిలిచిపోయినా గీయడం ఆపించి, పాదాలు నేలకు ఆన్చమని, గదిలో కనబడుతున్న వస్తువుల పేర్లు చెప్పమని మెల్లగా అడగండి.

సామగ్రి విషయంలోనూ జాగ్రత్త అవసరం. పెన్సిలు, క్రేయాన్లు, పత్రికల నుంచి కత్తిరించిన చిత్రాలు చేతి అదుపులో ఉంటాయి గనుక తొలి రోజుల్లో అవి మేలు. నీటిరంగులు, తడి మట్టి అనుకోని వేగంతో భావాలను పైకి తెస్తాయి, పైగా తడి మట్టి స్పర్శే కొందరికి భరించరానిదిగా ఉంటుంది. తెల్లకాగితం చూసి బెదిరేవారికి ముందుగానే ఒక వృత్తం గీసి ఇస్తాను.

2016లో వెలువడిన ఒక అధ్యయనంలో, 45 నిమిషాలు కళాకృతులు చేసిన పెద్దవారిలో దాదాపు 75 శాతం మందికి లాలాజలంలోని కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోను తగ్గింది. అయితే వారు ఆరోగ్యవంతులు కనుక, బొమ్మలు వేస్తే చికిత్స అక్కర్లేదని దాన్ని చూపి ఎవరికీ చెప్పకండి.

తీరం:
నేను అలాంటి బృందంలో కూర్చున్న మనిషిని. అధికారుల ముందు, వైద్యుల ముందు, బంధువుల ముందు ఒకే కథను చెప్పి చెప్పి, చివరికి అది ఎవరి కథో అన్నట్టుగా వప్పజెప్పే స్థితికి వచ్చాను. బొమ్మల గదిలో మాత్రం నన్నెవరూ ఏమీ అడగలేదు. చాలాకాలం నేను తలుపులే గీశాను, ప్రతి తలుపుకూ లోపలి వైపు గొళ్లెం ఉండేది. మాకు నేర్పినావిడ ఆ గొళ్లెం సంగతి ఎత్తకుండా, “ఇంకొంచెం పెద్ద కాగితం కావాలా?” అని మాత్రం అడిగారు. నల్లరంగు వాడితే దిగులని, ఎరుపు వాడితే కోపమని అర్థాలు తీసేవారి ముందు నేను ఒక్క గీత కూడా గీయగలిగేదాన్ని కాను. ఇంకొక మాట: తలుపు కనబడేలా కూర్చునే చోటును ఎవరికి వారే ఎంచుకోనివ్వండి.

పాతపుట:
రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీలు ఇప్పటి చెక్ దేశంలోని టెరెజీన్‌లో బంధించిన యూదు పిల్లలకు, తానూ అక్కడే బందీగా ఉన్న చిత్రకారిణి ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ బొమ్మలు నేర్పారు. మనిషికి ఒక సంఖ్య అంటగట్టిన చోట, పిల్లల చేత బొమ్మల మీద వారి పేర్లే రాయించారు. 1944లో ఆమెను ఆష్విట్జ్ అనే నాజీ మరణశిబిరంలో చంపేశారు; రెండు సూట్‌కేసుల్లో దాచిన సుమారు 4,500 బొమ్మలు మిగిలి, ప్రాగ్‌లోని యూదు మ్యూజియానికి చేరాయి. ఆ పిల్లల్లో అత్యధికులు బతకలేదు, కాబట్టి బొమ్మలు వారిని కాపాడాయని నేను అనలేను. కాని ఆమె శిష్యురాలు ఈడిత్ క్రేమర్ తరువాత అమెరికాలో పిల్లల ఆర్ట్ థెరపీకి పునాది వేసినవారిలో ఒకరయ్యారు.

వర్ణరేఖ:
అందరికీ కృతజ్ఞతలు. వృత్తంతో, క్రేయాన్లతోనే మొదలుపెడతాను. అయితే చివర్లో ప్రదర్శన పెట్టాలని నిర్వాహకులు ఇప్పటి నుంచే అంటున్నారు. ఏమి చేయమంటారు?

తీరం:
సాయం పొందుతున్నవారు సాయం చేసేవారికి కాదని చెప్పలేరండీ. అందరి ముందు అడిగితే నేనూ తలూపేదాన్నే.

మట్టిచేతులు:
అందుకే ఒక్కొక్కరినీ విడిగా, నిపుణురాలి సమక్షంలో అడగాలి; పేరు వేయాలో వద్దో వారే చెప్పాలి, ఇచ్చిన అనుమతిని ప్రదర్శన రోజున కూడా వెనక్కి తీసుకోగలగాలి. గీసినదాన్ని చింపేసే హక్కు, మూత ఉన్న పెట్టెలో దాచుకునే హక్కు కూడా వారివే. ఈ షరతులను మొదటి సమావేశానికి ముందే నిర్వాహకుల చేత రాతపూర్వకంగా ఒప్పించండి, తరువాతైతే ఆహ్వానపత్రాలు అచ్చయ్యాయని అంటారు.