భుజం ఆపరేషన్‌కి పీక్ యాంకరా, కరిగే యాంకరా?

మాది టంగుటూరు దగ్గర పల్లె అండీ. మా నాన్నకి 60 దాటాయి, షుగర్ కూడా ఉంది. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు కట్టిన కర్రలు ఎక్కిస్తూ జారిపడితే కుడి భుజంలో కండర (కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే పట్టీ) తెగింది, రొటేటర్ కఫ్ అంటున్నారు. ఒంగోలులో చూపించాం. చిన్న రంధ్రాలు పెట్టి, ఎముకలో యాంకర్లు (దారం కట్టిన చిన్న మేకుల్లాంటివి) దించి, వాటి దారాలతో తెగినదాన్ని మళ్లీ ఎముకకి కుడతారట.

టెన్షనంతా ఆ యాంకర్ దగ్గరే. పీక్ అనే గట్టి ప్లాస్టిక్‌ది కరగదు, జన్మంతా లోపలే ఉంటుంది. టైటానియంలా ఎమ్మారైలో నీడలు వేసి అడ్డం రాదు, కానీ ఎముక దానికి పెద్దగా అతుక్కోదని చదివాను. రెండోది పీఎల్‌ఎల్‌ఏ లాంటి, ఒంట్లో కరిగే ప్లాస్టిక్‌లో ఎముక ఖనిజంలాంటి కాల్షియం ఫాస్ఫేట్ కలిపినది. మెల్లగా కరుగుతుంది, ఆ చోట ఎముక పెరగాలని ఆశ. అయితే కరిగేటప్పుడు కొందరికి చుట్టూ ఎముక తిని గుల్ల పడుతుందట. అసలు కండర అతుక్కోవడానికి కొన్ని నెలలు చాలు, పాత రకం పీఎల్‌ఎల్‌ఏ కరగడానికేమో ఏళ్లు పడుతుంది! ఇక కరిగి లాభమేంటో నాకైతే అర్థం కాలేదు.

డాక్టర్‌గారు రెండూ మంచివేనన్నారు, బయట జనం రద్దీ, ఇంకేం అడగలేకపోయాం. ఎముక మెత్తబడిన పెద్దవాళ్లకి ఏది గట్టిగా పట్టుకుంటుంది? మళ్లీ తెగితే పీక్‌ని తీయడం కష్టమా? ఆర్థో వాళ్లు, ఫిజియోథెరపీ వాళ్లు, ఇంట్లో ఎవరికైనా చేయించినవాళ్లు చెప్పండి. రేటు సంగతి తర్వాత చూసుకుంటాం.