స్థూలారుంధతి అంటే ఏ చుక్క?

"స్థూలారుంధతీ న్యాయం అంటే తేలికైనది ముందు చెప్పి, కష్టమైనది తర్వాత చెప్పడం" అని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. (ఇక్కడ న్యాయం అంటే ఒక విషయాన్ని పోలికతో బోధపరిచే నానుడి.) చాలామంది సరేనన్నారు. నాకు మాత్రం అది సగమే అనిపించింది. ఈ మాటకి ప్రాణం మిగతా సగంలో ఉంది, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

ముందు సమాసం. స్థూల + అరుంధతి, సవర్ణదీర్ఘ సంధి. స్థూలమైన అరుంధతి అని విగ్రహవాక్యం చెప్తాం. కానీ ఆకాశంలో అరుంధతి కంటికి ఆనీ ఆనని చుక్క. స్థూలంగా ఉన్నది పక్కనున్న వసిష్ఠుడు. అంటే అరుంధతి కాని చుక్కకి, తెలిసి తెలిసి, అరుంధతి అని పేరు పెట్టాం.

మేం ఉండేది బెంగళూరు కె.ఆర్.పురంలో. మామూలు రోజుల్లో మా మిద్దె మీంచి చుక్కల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పోయిన మే నెలలో ఒక సాయంత్రం గట్టి వాన పడి, ఆకాశం కడిగినట్టు తేటపడింది. కరెంటు కూడా పోయింది. తొమ్మిదిన్నరకి మా అమ్మాయిని పైకి తీసుకెళ్ళాను.

"ఉత్తరం వైపు గరిటెలాగా ఏడు చుక్కలున్నాయి చూడు. కాడలో మూడు. వాటిలో నడిమిది అరుంధతి."

"కనబడింది నాన్నా."

"అది కాదమ్మా. దాన్ని ఆనుకుని సన్నగా ఇంకోటుంది, అదే అరుంధతి."

నీళ్ళ ట్యాంకుకి చేరగిలబడి, కళ్ళు చికిలించి చాలాసేపు వెతికింది. దొరికాక సంతోషించకుండా, "మరి ముందు దాన్ని అరుంధతి అని ఎందుకన్నావు? అబద్ధమే కదా?" అంది.

అబద్ధమే. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో, 'హేయత్వావచనాచ్చ' అన్న సూత్రం దగ్గర చెప్పింది సరిగ్గా ఇదే. అరుంధతిని చూపాలనుకున్నవాడు పక్కనున్న పెద్ద చుక్కనే ముందు అరుంధతి అని నమ్మిస్తాడు, తర్వాత దాన్ని కాదని అసలైనదాన్ని చూపిస్తాడు. ఆయన వాడిన మాట 'ప్రత్యాఖ్యాయ', అంటే తోసిపుచ్చి. ఆ తోసిపుచ్చడం లేకపోతే న్యాయం పూర్తి కాదు. "తేలిక నుంచి కష్టానికి" అన్న అర్థంలో జారిపోయింది ఇదే.

శాఖాచంద్ర న్యాయంతో పోల్చండి, తేడా తెలుస్తుంది. "ఆ కొమ్మ మీద చందమామ" అన్నప్పుడు కొమ్మే చందమామ అని ఎవరూ అనరు. కొమ్మ గుర్తు మాత్రమే. స్థూలారుంధతిలో గుర్తుకే అసలు పేరు తగిలిస్తాం, తర్వాత ఆ పేరు ఊడదీస్తాం. మన వ్యాసాల్లో ఈ రెంటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు, అది నాకు బాధగానే ఉంటుంది.

ఇంకో సంగతి. ఈ జంటని ఖగోళంలో మైజార్, ఆల్కార్ అంటారు. మనకి దాదాపు 80 కాంతి సంవత్సరాల దూరం. రెంటి మధ్య ఎడం నిండు చందమామ వెడల్పులో సగం కూడా ఉండదు. 1617లో గెలీలియో శిష్యుడు కాస్టెల్లి టెలిస్కోపుతో చూస్తే వసిష్ఠుడే రెండు చుక్కలుగా విడిపోయాడు. 1889లో హార్వర్డులో పికరింగ్ ఆ రెంటిలో ఒకదాని వర్ణపటంలో (వెలుగుని రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీలో) గీతలు జంటలుగా విడిపోవడం గమనించాడు. అదీ రెండేనని, ఇరవై రోజులకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని తేలింది. 1908లో రెండోదీ జంటేనని తెలిసింది. అప్పటికీ అరుంధతి ఒంటరే. 2009లో ఆమె పక్కనా ఒక చిన్న ఎర్ర చుక్క దొరికింది. మొత్తం ఆరు. "ఇదే" అని చూపించిన ప్రతిదాన్నీ "ఇది కాదు, ఇంకా ఉంది" అంటూ దాటుకుని వచ్చారు. ఈ న్యాయానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

(చేర్పు) కింద ఒక మేడమ్ అడిగారు: "మా సార్ గుండె బొమ్మ గీసి రక్తప్రసరణ చెప్పారు. ఇది స్థూలారుంధతేనా?" కాదండీ. బొమ్మని గుండె అని ఎవరూ అనుకోరు, అది శాఖాచంద్రానికి దగ్గర. స్కూల్లో ఎలక్ట్రాన్లు గ్రహాల్లాగా కేంద్రకం చుట్టూ తిరుగుతాయని చెప్పి, మార్కులు కూడా వేసి, ఇంటర్‌లో "అలా తిరగవు" అంటారు చూడండి, అది స్థూలారుంధతి.