పసరు వాసనతో మొదలయ్యే పెర్ఫ్యూమ్ మూడు గంటలకే మాయమవుతోందా?

ప్రశ్న:
రెండు నెలలుగా ఆకుపచ్చ తరహా పెర్ఫ్యూమ్ ఒకటి వాడుతున్నాను. చల్లుకోగానే లేత కాడను గోటితో తుంచినట్లు పసరు వాసన గుప్పుమంటుంది. అరగంటకు అది సద్దుమణిగి, తడిసిన బండ మీద తెల్లని పూలు రాలినట్లు చల్లగా, కాస్త బిగువుగా మారుతుంది. మూడు గంటల తరువాత నాకేమీ తెలియదు గానీ, సాయంత్రం పక్కన కూర్చున్నవారు మాత్రం సువాసన వస్తోందంటారు. పరిమళం పోతోందా, నా ముక్కుదే లోపమా?

మొదటి జవాబు:
రెండూ కొంత కొంత నిజమేనండి. కోసిన గడ్డి వాసననిచ్చే సిస్-3-హెక్సెనాల్ తేలికైన అణువు కనుక చర్మపు వేడికి త్వరగా ఎగిరిపోతుంది. ఘాటైన పసరుకు గాల్బనమ్ అనే మొక్క జిగురును ఆశ్రయిస్తారు. 1947లో జెర్మేన్ సెలియే రూపొందించిన ‘వాన్ వేర్’ అనే పెర్ఫ్యూమ్‌కు పేరు తెచ్చింది అదే. పూల భాగంలో తరచు కనిపించే హెడియోన్, 1966 నాటి ‘ఓ సోవాజ్’ పెర్ఫ్యూమ్‌తో ప్రసిద్ధికెక్కిన, మల్లెను తలపించే కృత్రిమ పదార్థం, పలుచగా ఉంటూనే చాలాసేపు నిలుస్తుంది. ఇక తడి బండ వాసన అంటారా, రాతి నుంచి నూనె తీయలేరు కదా! వట్టివేరు, ఐరిస్ అనే పూల మొక్క దుంప, ఆంబ్రోక్సాన్ అనే కృత్రిమ సుగంధ పదార్థం వంటివాటిని పొడిగా, తీపి లేకుండా పొందించి ఆ భ్రమ కల్పిస్తారు. సాయంత్రం ఇతరులకు అందుతున్నది బహుశా చివరిదాకా మిగిలే ఆ అడుగు భాగమే.

రెండవ జవాబు:
ఒకే వాసన ఎడతెగక తగులుతుంటే ముక్కు దానిని లెక్కచేయడం మానేస్తుంది. పైగా కొన్ని కస్తూరి తరహా రసాయనాలు కొందరికి పుట్టుకతోనే తెలియవు. అందుచేత తెలియడం లేదని మళ్ళీ మళ్ళీ చల్లుకోకండి; పక్కవారికి అది శిక్ష అవుతుంది. మెడ మీద కాక మోచేతి మడతలో, వాసన లేని లేపనం రాసిన తరువాత ఒకసారి, కాగితపు ముక్క మీద ఒకసారి చల్లి, కాసేపు బయట తిరిగి వచ్చి పోల్చి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
చెప్పినట్లే చేశాను. నాలుగు గంటల తరువాత బయటి నుంచి వచ్చి చూస్తే, పోయిందనుకున్న చోటనే సన్నని వట్టివేరు వాసన, దాని వెనుక సబ్బు నురుగు వంటి పూల ఛాయ తెలిశాయి. కాగితం మీద పూలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆ పసరు మాత్రం రెండింటిలోనూ లేదు.