భారతం సొంతంగా చదువుకోవాలి, ఏ వరసలో?

ప్రశ్న (ముత్తుకూరు): అన్నలూ, అక్కలూ! రొయ్యల గుంటల కాడ రాత్రి డ్యూటీ చేస్తా ఉండా. మేత వేసి, రొయ్యలు తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రేలు చూసినాక రెండు గంటలు ఖాళీ. డిగ్రీ మధ్యలో ఆపేసినోణ్ణి. కవిత్రయ భారతం మొత్తం చదవాలని ఆదిపర్వం రెండుసార్లు పట్టుకున్నా. రెండుసార్లూ ముప్పయ్యో పద్యం దాటలా. ఒక పద్ధతి చెప్పండి.

జవాబు (నెల్లూరు, రిటైర్డ్ తెలుగు పండితుడు): అబ్బయ్యా, తప్పు నీది కాదు, వరసది. నన్నయది 11వ శతాబ్దం, సంస్కృత సమాసాలు ఎక్కువ. మన తిక్కన 13వ శతాబ్దంలో నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు. విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు ఆయనవే. తెలుగు మాట ఎక్కువ, మనుషులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నట్టే ఉంటది. విరాటపర్వంతో మొదలుపెట్టు. వానలు లేకపోతే ఊళ్లల్లో చదివించేది అదే గదా. (గుంటల్లో ఉప్పు తగ్గుద్దని మీవాళ్లు తిట్టుకుంటారేమో మరి!)

అందులో ఆశ్వాసాలు, అంటే అధ్యాయాలు, అయిదు, నెలకొకటి. టీటీడీ వాళ్లు ప్రతిపదార్థ తాత్పర్యాలతో వేసిన సంపుటాలు పట్టుకో. ముందు తాత్పర్యం చూడు. తర్వాత పద్యం గొంతెత్తి చదువు, అక్కడ వినేవాళ్లెవరు గనక! ప్రతిపదార్థం చివర. దీన్ని తలకిందులు చేసినోళ్లే ముప్పయ్యో పద్యం కాడ ఆగిపోతారు. నోటుపుస్తకంలో రోజుకు అయిదు కొత్త మాటలు చాలు. ఇరవై రాస్తే నిఘంటువు మిగులుద్ది, కథ పోద్ది.

ఆ తర్వాత ఉద్యోగపర్వం. నాటకాల్లో విన్న రాయబారం అసలు అక్కడుంది. అప్పుడు వెనక్కొచ్చి నన్నయ ఆది, సభా పర్వాలు, అరణ్యపర్వంలో ఆయన ఆపిందాకా. మిగిలింది ఎర్రన పూర్తిచేశాడు.

జవాబు (ఒంగోలు): పంతులుగారి మాట కాదనను గానీ, చదివే అలవాటు తప్పినోడికి ముందు నెల రోజులు వచనమే మేలు. ప్రకాశం పంతులుగారి ‘నా జీవిత యాత్ర’ ఇవ్వండి. మా ఒంగోలు చదువులు, నాటకాల పిచ్చి, తర్వాత బారిస్టరీ... పరిగెత్తిస్తది.

నెల్లూరు: ఆ నెల అయినాక పద్యం వైపు తిరిగొచ్చినోణ్ణి నేను చూళ్లేదయ్యా. పగలు అది, రాత్రి విరాటపర్వం అంటే ఒప్పుకుంటా.

ముత్తుకూరు: సరే అయ్యగారూ, రెండూ పట్టుకుంటా. కొనాలంటే మాత్రం ఈ పంటకి చేతిలో ఏమీ ఆడలేదు.

నెల్లూరు: కొనేదెందుకు? నెల్లూరులో జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది, డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకో. సంపుటాలు ఇంటికిస్తారేమో అడుగు.

ముత్తుకూరు: రేపే పోతా.

ఒంగోలు: రేపు శుక్రవారం తమ్ముడూ, గ్రంథాలయానికి సెలవు. శనివారం పో.