పాత యెజ్డీ జికోవ్ కార్బొరేటర్‌కి తుక్కులోంచి తెచ్చిన స్లైడ్ పనికొస్తుందా?

మాది పర్లాకిమిడి. నాన్నగారి యెజ్డీ 250 బైక్ తొమ్మిదేళ్లుగా వసారాలో మూలపడి ఉంటే దసరాకి బయటకు తీశాను. మైసూరులో ఈ బళ్ల తయారీ 1996లోనే ఆగిపోయింది కదా, పార్టుల కోసం పాతపట్నం నుంచి బరంపురం దాకా పాత ఇనుప కొట్లన్నీ తిరిగాను. చివరికి ఒకచోట ఈ బండికి వచ్చే జికోవ్ కంపెనీ కార్బొరేటర్లు (పెట్రోల్, గాలి కలిపి ఇంజిన్‌కి పంపేవి) రెండు దొరికాయి. ఒకదాని బాడీ పగిలింది, రెండోదానికి లోపల పెట్రోల్ మట్టం చూసే ఫ్లోటే లేదు.

మా బండిదాంట్లో స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచి గాలి దారి తెరిచే ముక్క) బాగా అరిగిపోయింది, వేలితో కదిపితే అటూ ఇటూ ఊగుతోంది. తుక్కులోని స్లైడ్ వేస్తే కొంచెం బిగువుగా ఉంది గానీ, దాని కింది వాలు కోత మా దానికంటే ఎక్కువ. బండి స్టార్టవుతోంది. యాక్సిలరేటర్ వదిలినా రేస్ మాత్రం వెంటనే తగ్గడం లేదు. ప్లగ్ విప్పి చూస్తే తెల్లగా ఉంది. గాలి ఎక్కువైందనే నా అనుమానం. టూ స్ట్రోక్ బండి, ఆయిల్ పెట్రోల్లోనే కలిసి వెళ్లాలి, పెట్రోల్ తగ్గితే ఆయిలూ తగ్గి పిస్టన్ పట్టేస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఇక్కడి మెకానిక్ "ఇది పారేసి మిక్‌కార్బ్ పెట్టించుకో బాబూ" అని వేరే కంపెనీ కార్బొరేటర్ వేయించమంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు.

స్లైడ్ కోత తేడాని, దానికి వేలాడే పెట్రోల్ సూది (నీడిల్) క్లిప్ ఒక గాడి కిందికి దించి సరిచేయొచ్చా? లేక ముందు బయటి గాలి చొరబడకుండా ఆపే ఇంజిన్ దగ్గరి గ్యాస్కెట్, క్రాంక్ సీళ్లు చూడాలా? అరిగిన బాడీకి కొత్త స్లైడ్ తయారుచేసిచ్చే లేత్ పనివాళ్లు విజయనగరం, విశాఖ వైపు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.