లగూన్ 380నా, 450నా? ఇద్దరమే నడపాలి, ఫ్లోరిడా నుంచి బహామాస్‌కు

తూర్పుగాలి:
నమస్తే అండి. ఉండేది ఫోర్ట్ లాడర్‌డేల్. చలికాలమంతా బహామాస్, తర్వాత వీలైతే ఇంకా కిందికి, కరీబియన్ దీవుల వైపు వెళ్లాలని ఉంది. పడవ నడిపేది ఇద్దరమే. పిల్లలు, అమ్మానాన్న ఏడాదికి రెండు మూడు వారాలు వచ్చి పోతారు. సెకండ్ హ్యాండ్ కాటమరాన్‌లు చూసి చూసి లగూన్ కంపెనీవే రెండు దగ్గర ఆగాం (కాటమరాన్ అంటే పక్కపక్కన రెండు హల్‌లు, అంటే పొడవాటి పడవ దేహాలు, ఉండే తెరచాప పడవ). లగూన్ 380 పొడవు 11.55 మీటర్లు, వెడల్పు 6.53. లగూన్ 450 పొడవు 13.96, వెడల్పు 7.87. 450 వంటగది చూశాక మా ఆవిడ ఇక 380 మాటే ఎత్తనివ్వడం లేదు. ధర తేడా తెలుసు. అది కాకుండా, కొన్నాక తల పట్టుకునేవి ఏమిటో చెప్పండి.

లంగరుతాడు:
పొడవు పక్కన పెట్టి బరువు చూడండి. 380 ఖాళీగా 7 టన్నుల పైచిలుకు, 450 దాదాపు 15. సామాను ఎక్కాక 8.5, 17 అనుకుందాం. గాలికి ఎదురు నిలిచే బలం అంటే ఆ బరువును రెండు హల్‌ల నడుమ దూరంలో సగంతో గుణించడమే. 380కి 8.5 × 2.45, సుమారు 21 టన్ను-మీటర్లు. 450కి 17 × 3, అంటే 51. మాస్ట్ (తెరచాప స్తంభం), తీగలు, తెరచాపను బిగించే షీట్ తాళ్లు, వాటిని చుట్టి లాగే వించ్‌లు అన్నిటి మీదా ఆ రెండున్నర రెట్ల భారం పడుతుంది. 380లో చేత్తో అయ్యే పనిని 450లో ఎలక్ట్రిక్ వించ్‌కు అప్పగించాల్సిందే.

కాబట్టి ట్రయల్ రోజు వించ్ బ్రేకర్ ఆపేయండి. మీ ఇద్దరిలో బలం తక్కువున్నవారు హ్యాండిల్ వేసి పెద్ద తెరచాప అయిన మెయిన్‌సెయిల్‌ను అడుగు నుంచి పై చివరిదాకా ఒక్కరే ఎత్తాలి. సగంలో ఆగిపోతే ఆ పడవ మీకు పెద్దదే. 450లో బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) కూడా బాగా ఎత్తున ఉంటుంది. సెయిల్ సంచి జిప్ తీయాలన్నా పైకి ఎక్కాలి, అల మీద అది ఆటకాదు.

ఇక రీఫ్ సంగతి, అంటే గాలి పెరిగితే తెరచాపను కొంత దించి కట్టడం. కాటమరాన్ ఒరిగి హెచ్చరించదు, గాలి వేగం అంకె చూసే సెయిల్ తగ్గించాలి. సుమారు 18–20 నాట్లకు (నాట్ అంటే గంటకు 1.85 కి.మీ.) మొదటి రీఫ్, 25కి రెండోది. మీ పడవ మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది, స్టీరింగ్ పక్కనే అంటించి పెట్టుకోండి. గాలి వెనక నుంచి వస్తుంటే మరీ జాగ్రత్త: 25 నాట్ల గాలిలో మీరు 9 నాట్లతో పోతుంటే మీటర్ 16 అనే చూపిస్తుంది. అది చూసి హాయిగా ఉందనుకుని గాలికి ఎదురు తిరిగారో, అసలు గాలి అప్పుడు తెలుస్తుంది.

ఉప్పునీరు:
లంగరుతాడు గారి లెక్క సరైనదే, కానీ సగమే చెప్పారు. చిన్న కాటమరాన్‌ను చెడగొట్టేది సామాను. తూకం వేద్దాం: నీళ్లు 300 లీటర్లు, 300 కిలోలు. డీజిల్ 200 లీటర్లు, 170. డింగీ (ఒడ్డుకు వెళ్లే చిన్న పడవ), 15 హార్స్‌పవర్ మోటార్ కలిపి 100. లంగరు, గొలుసు 160. లైఫ్‌రాఫ్ట్ 40. సోలార్, బ్యాటరీలు 150. పనిముట్లు, స్పేర్లు 150. తిండి, బట్టలు 150. నలుగురు మనుషులు 300. మొత్తం 1,500 కిలోలు దాటింది.

380 ఒక సెంటీమీటరు మునగడానికి దాదాపు 190 కిలోలు చాలు, అంటే 8 సెంటీమీటర్లు కిందికి. 450కి సెంటీమీటరుకు 270 కిలోల వరకు పడుతుంది కాబట్టి 6 లోపే. చూడ్డానికి రెండు సెంటీమీటర్ల తేడా. కానీ 380లో రెండు హల్‌లను కలిపే బ్రిడ్జ్‌డెక్‌కూ నీటికీ మధ్య ఖాళీ మొదటే తక్కువ. ఎదురు అలకు కింద దబదబా బాదుతుంది, టేబుల్ మీద గ్లాసు ఎగురుతుంది. 380 కొంటే లెడ్ బ్యాటరీలు తీసేసి లిథియం పెట్టండి, బరువు బాగా తగ్గుతుంది. డైవింగ్ సిలిండర్లు, ఒక్కోటి 15 కిలోలు, ఒడ్డునే వదిలేయండి.

గట్టుమీద:
వెడల్పు గురించి ఎవరూ అనలేదు. 7.87 మీటర్లను నీళ్లలోంచి ఎత్తే ట్రావెల్ లిఫ్ట్ (పడవల క్రేన్) ప్రతి మరమ్మతు యార్డులోనూ ఉండదు. మీకు దగ్గర్లో ఏ యార్డు ఎత్తుతుందో ముందే ఫోన్ చేసి అడగండి. జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు హరికేన్ సీజన్, పడవను ఎక్కడ పెడతారో ఇన్సూరెన్స్ వాళ్లు అడుగుతారు. మరీనాల్లో (పడవలు కట్టే రేవుల్లో) ఒకే హల్ పడవ కన్నా కాటమరాన్‌కు ఒకటిన్నర రెట్లు, కొన్నిచోట్ల రెండు రెట్లు వసూలు.

తీరం వెంబడి లోపలగా సాగే ఇంట్రాకోస్టల్ జలమార్గంలో కదలని వంతెనలు ఎక్కువగా 65 అడుగులవి, మయామిలో జూలియా టటిల్ అయితే 56. 450 మాస్ట్ 65 దాటుతుంది. ఎక్కడికెళ్లినా మీకు బయటి సముద్రమే గతి.

తూర్పుగాలి:
వంతెనల సంగతి అస్సలు తట్టలేదండి! లోతు మాటేమిటి? బహామాస్ బ్యాంకుల మీద, ఆ లోతు తక్కువ సముద్రంలో, 450 అడుగు ఆనుతుందా?

లంగరుతాడు:
పడవ నీట మునిగేది 380కి 1.15 మీటర్లు, 450కి 1.30. ఆ 15 సెంటీమీటర్ల కోసం కంగారు వద్దు. లంగరు దగ్గర మాత్రం తేడా ఉంది: 380కి 10 ఎంఎం గొలుసు 60 మీటర్లంటే 140 కిలోల లోపు. 450కి 12 ఎంఎం 80 మీటర్లు, 260. గొలుసు లాగే యంత్రం, అదే విండ్‌లాస్, చెడితే అది చేత్తో లాగేది కాదు.

ఉప్పునీరు:
ఏది తీసుకున్నా సర్వేయర్‌తో రెండు చూపించండి. ఒకటి, మాస్ట్ కింద అడ్డంగా ఉండే ప్రధాన గోడ, అంటే బల్క్‌హెడ్. అంచుల్లో పగుళ్లు, పక్కన తలుపు బిగుసుకుపోవడం ఉంటే అక్కడే ఆగండి. రెండు, సెయిల్‌డ్రైవ్ (ఇంజిన్ నుంచి హల్ కిందికి దిగి ప్రొపెల్లర్‌ను తిప్పేది) చుట్టూ నీరు రాకుండా ఆపే రబ్బరు డయాఫ్రమ్. వోల్వో ఇంజిన్ అయితే కంపెనీ 7 ఏళ్లకోసారి మార్చమంటుంది. తేదీతో బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క, రెండు ఇంజిన్లకూ ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి.