ఇంటర్ పిల్లలకు సెలవుల్లో వైద్య పరిశోధన నేర్పే చోటు ఉందా?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. మా పాప ఇంటర్ ఫస్టియర్, బైపీసీ. వాళ్ల అవ్వ ఊర్లో బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్లమీద గోధుమరంగు గార, వంగని నడుములు చూసి, పోయిన సెలవుల్లో ఇంటింటికీ తిరిగి ఎవరు ఏ బోరు నీళ్లు తాగుతారో నోట్‌బుక్కులో రాసుకొచ్చింది. ఇట్లాంటి పిల్లను ఎండాకాలమంతా నీట్ కోచింగ్‌లోనే కూర్చోబెట్టడానికి నాకు మనసు ఒప్పట్లేదు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) విద్యార్థులకిచ్చే ఎస్‌టీఎస్ అనే కొద్దికాలపు పరిశోధన అవకాశం చూస్తే, అది ఎంబీబీఎస్, బీడీఎస్ వాళ్లకే. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బు) మీద పనిచేసింది కదా, అక్కడి శాస్త్రవేత్తలకు మెయిల్ పెడదామనుకుంటున్నాం. ఇంటర్ పిల్లలను రెండు వారాలైనా ల్యాబులోకి రానిస్తారా? కాలేజీ లెటర్ అడుగుతారా? డబ్బు కట్టించుకొని సర్టిఫికెట్ చేతిలో పెట్టే కోర్సులు మాత్రం మాకొద్దు. ఇక్కడే మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ (ఊళ్లలో జనం ఆరోగ్యాన్ని పరిశీలించే) విభాగంలో సర్వే పనైనా సరే, ఎవరిని కలవాలో తెలిసినవాళ్లు చెప్పండి.